తేలని బరువు

మా వీధిలో గేటు బందు ఊడినా, కిటికీ ఊచ విరిగినా, మంచం కాలు ఒరిగినా అందరూ వెళ్లేది మంటక్క షెడ్డుకే. చేతిలో ఒక మంట, నోట్లో ఒక మంట ఉంటాయని ఎవరో పెట్టిన పేరది. ఆవిడా కాదనలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఈ మంటతో కాపురం చాలదా అని నవ్వుతూనే చెప్పేది. నవ్వుతూ చెప్పినా రెండోసారి అడగబుద్ధయ్యేది కాదు.

షెడ్డు చిన్నది. రేకుల కప్పు, గొలుసుతో గోడకు కట్టేసిన రెండు సిలిండర్లు, రైలు పట్టా ముక్కతో చేసిన దిమ్మె, మేకుకు వేలాడే నల్ల కళ్లద్దాలు. షెడ్డు వెనకే ఇల్లు. డాబా ఎక్కితే కనుచూపు మేరా రిజర్వాయరు నీళ్లు, వాటికి అవతల గీత గీసినట్టు ఎదుటి ఒడ్డు. ఆ ఒడ్డున కూడా ఒక ఊరుందని అందరికీ తెలుసు. తెలిసినా కొండ చుట్టి పోవడానికి ఒక పూట పడుతుంది, వాళ్ల బస్సులు అటువైపు దిగువకు పోతాయి, మావి ఇటు. వాళ్లతో మాకు పని పడేది కాదు.

షెడ్డు ఆవిడ తండ్రి కట్టింది. ఆయనకు ఒక కొడుకు, తర్వాత మూడేళ్లకు ఈ కూతురు. ఇద్దరిదీ ఎడమచేతి వాటమే. ఎవరి పోలిక వచ్చింది నా ప్రాణానికి అని ఆయన విసుక్కునేవాడు. కూతురు మాత్రం మీసాలు రాని కుర్రాళ్లు సుత్తి పట్టడం నేర్చుకునే వయసుకే ఇత్తడి అతుకు వేసేది. మంటకు కరిగిన ఇత్తడి ఆరేటప్పుడు దాని మీద చిన్న చిన్న అలలు నిలిచిపోతాయి. అందరి అలలూ ఒకవైపు మొగ్గితే ఈవిడవి రెండోవైపు మొగ్గుతాయి. పైగా మంట ఎత్తేముందు మణికట్టు ఒకసారి తిప్పే అలవాటు. అందువల్ల అతుకు చివర పిల్లి తోకంత మెలిక ఒకటి మిగిలేది. కొడుకు పని ముట్టుకునేవాడు కాదు. చెల్లెలికి ఎదురుగా పీపా మీద కూర్చుని, కాళ్లు ఊపుకుంటూ, నల్ల అద్దాల్లోంచి చూసేవాడు. చూడటమే. అతని ధ్యాసంతా సైకిలు మీద.

ఆ సైకిలు మామూలుది కాదు. లావు టైర్లు, అడ్డంగా చాచిన హ్యాండిలు, ఆకుపచ్చ రంగు. కొండలెక్కడానికని ఎప్పుడో తయారైన పాతకాలపు ఉక్కు సైకిలు. ఏదో దూరపు దుకాణంలో మూలన పడి ఉంటే తెచ్చుకున్నాడు. కొన్న ఏడాదికే సీటు కింది జాయింటు చిట్లితే చెల్లెలే అతికింది. అప్పుడు భాగాలన్నీ విప్పారు కాబట్టి ఖాళీ ఫ్రేమును షెడ్డులో వేలాడే కాటాకు తగిలించి తూచారు. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. అంతా ఉక్కే అయినా ఎంత తేలికో చూడండని అతను వీధంతా చాటాడు. నీ బుర్ర కన్నా కాస్త ఎక్కువేలేరా అన్నాడు తండ్రి. ఆ ఇంట్లో ఆ మాట చాలాకాలం నవ్వుల మాటగా చెల్లింది.

తర్వాత నవ్వులు ఆగిపోయాయి. ఒక బడి ముందు ఇనుప కమాను బిగిస్తుంటే తండ్రి నిచ్చెన మీద నుంచి పడి చనిపోయాడు. నిచ్చెన పట్టుకోవలసింది కొడుకు. కొత్తగా సరిచేసుకున్న గేర్లు ఎలా పడుతున్నాయో చూసి వస్తానని ఒక్క చుట్టు తిరగడానికి వెళ్లాడు. అంతే. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. తల్లి అయితే అసలు మాటే మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట పెట్టేది కాదు. ఎండాకాలం మొదలై వానాకాలం వచ్చేదాకా ఆ ఇంట్లో కంచాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదని ఇరుగుపొరుగు చెప్పుకున్నారు.

ఒకరోజు అతను సైకిలెక్కి వెళ్లి తిరిగి రాలేదు. చెప్పులు మాత్రం రిజర్వాయరు కట్ట మీద పక్కపక్కన పెట్టి దొరికాయి. పడవలు తిప్పారు, గాలాలు వేశారు. శవం దొరకలేదు, సైకిలూ దొరకలేదు. లోతు ఎక్కువ, అడుగున బురద, నీళ్లు ఇవ్వదలచుకుంటేనే ఇస్తాయని పడవవాళ్లు చేతులు దులుపుకున్నారు. పోయాడనే అందరూ అనుకున్నారు. మంటక్క కూడా అనుకుంది. షెడ్డు తాళంచెవి కొంగున కట్టుకుని పనిలో పడింది.

అనుకోనిది తల్లి ఒక్కతే. పొద్దువాలే వేళకు డాబా ఎక్కి నీళ్ల అవతలికి చూస్తూ కూర్చునేది. అదుగో వాడు తిరుగుతున్నాడు, దీపం కదులుతోంది అనేది. ఒడ్డున వెళ్లే ఏ లారీ దీపమో అని కూతురు సర్దిచెప్పేది. లారీ దీపానికీ మనిషి దీపానికీ తేడా తెలియదా నాకు అనేది తల్లి. మతి చలించిందని వీధిలో జాలిపడ్డారు. ఏళ్ల తరబడి అదే పాట. తర్వాత ఒక ఏడు, ఏ కారణమూ లేకుండా, డాబా ఎక్కడం మానేసింది. ఆగిపోయింది అని ఊరుకుంది. ఏమిటాగిపోయింది అంటే చెప్పలేదు.

మొన్నటి ఎండాకాలం రిజర్వాయరు తూముల మరమ్మతుకని నీళ్లన్నీ వదిలేశారు. మా తరంలో ఎవరూ దాని అడుగు చూడలేదు. నీళ్లు దిగేకొద్దీ ముందు గోడల పైభాగాలు, తర్వాత వరసగా కరెంటు స్తంభాలు, ఆ తర్వాత ఒక రోడ్డు బయటపడ్డాయి. కట్ట కట్టకముందు రెండు ఊళ్లకూ మధ్య నడిచిన రోడ్డట. ఎండి పగిలిన బురద మధ్యలోంచి సరాసరి అవతలి ఒడ్డుకు పోతోంది. పక్షి అరుపు లేదు, గడ్డి పరక లేదు. దాని మీద నడిచి వచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు, ఎందుకో వాళ్లకే తెలియదు.

పాత ఇనుము ఏరుకునేవాళ్లకు మాత్రం పండగలా ఉంది. మంటక్క గొట్టాల కోసం వెళ్లే పాత సామాన్ల కొట్టు నిండా బురద పట్టిన ఇనుము చేరింది. ఆ గుట్టలో ఒక పెద్ద బురద ముద్దలోంచి లావు చక్రం అంచు కనిపించి ఆవిడ ఆగిపోయింది. గోటితో సీటు కింద గీకింది. తన అతుకు, తన అలలు, తన తోక. కొట్టాయన ఏమిటక్కా అంటే ఇది మాది అంది. మీదైతే తూకం దేనికి, పట్టుకుపో అన్నాడాయన. ఎక్కడ దొరికిందని ఆవిడ అడిగింది. అవతలి ఒడ్డు కింద, రాళ్ల గోడ మొదట్లో అని చెప్పాడు.

ఆ మాట ఆవిడకు ఇంటికి వచ్చాక గాని తలకెక్కలేదు. చెప్పులు దొరికింది ఇటు కట్ట మీద. సైకిలు దొరికింది అటు. మునిగిన సైకిలు అంత దూరం ఎలా పోయింది?

దాన్ని ఎందుకు బాగుచేస్తోందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పైపుతో కడిగితే బురద రెండు బక్కెట్లు దిగింది. చువ్వలు పుల్లల్లా విరిగాయి. గొలుసు ఒకే ముద్ద. బురదలో గాలి తగలక ఫ్రేము మాత్రం అంతగా చెడలేదు, పైపైన పొక్కులు పొక్కులుగా తుప్పు. నీళ్లు దాన్ని ఎంత తిన్నాయో తెలుసుకోవాలనిపించింది ఆవిడకు. పాత బరువు నోటికి వచ్చిందే కదా. సీటు రాడ్డు, పెడళ్ల ఇరుసు తుప్పు పట్టి కరుచుకుపోయి ఊడిరాలేదు. అందుకని ఉన్నదున్నట్టు కాటాకు తగిలించి, అలాంటివే రాడ్డూ ఇరుసూ వేరే పాత సైకిలువి విడిగా తూచి, ఆ బరువు తీసేసింది.

మూడు కిలోల నూట యాభై వచ్చింది.

లోపల బురద మిగిలి ఉంటుందనుకుంది. కిరసనాయిలు పోసి, మంటతో వెచ్చచేసి, సుత్తి తాత సాయంతో రాడ్డూ ఇరుసూ ఊడబెరికింది. సుత్తి తాత ఆవిడ తండ్రి దగ్గర పనిచేసిన మనిషి. సుత్తి కొట్టడంలో ఎంత దిట్టో, కబుర్లతో సుత్తి కొట్టడంలోనూ అంతే. వయసు మీదపడినా రోజూ వచ్చి షెడ్డులో కూర్చుంటాడు. గొట్టాలన్నీ లోపల కడిగి, ఎండలో ఆరబెట్టి, వట్టి ఫ్రేమును మళ్లీ తూచారు. మూడు కిలోల నూట యాభై. కాటా చెడిందేమోనని బరువు అచ్చువేసి ఉన్న కొత్త వెల్డింగు కడ్డీల పెట్టెను తగిలించి చూశారు. కాటా సరిగ్గానే ఉంది.

తుప్పు తిన్న ఉక్కు తగ్గాలి. ఇది పెరిగింది.

"నీళ్లలో పడ్డ మనిషి ఉబ్బుతాడు," అన్నాడు సుత్తి తాత మెల్లగా. "ఉక్కు ఉబ్బడం ఎక్కడా చూళ్లేదమ్మా."

ఆవిడ అతన్ని కసిరింది. కసిరింది గానీ ఆ రోజు పని సాగలేదు. కాటా గొలుసుకు వేలాడుతున్న ఫ్రేము దానంతటది నెమ్మదిగా తిరిగి, ముందు గొట్టం రిజర్వాయరు వైపు పెట్టి ఆగింది. గొలుసు మెలిక అది, ఆవిడకు తెలుసు. చేత్తో ఇటు తిప్పి వదిలింది. కాసేపు ఊగి మళ్లీ అటే తిరిగింది. గొలుసు మార్చి తగిలించవచ్చు. మార్చలేదు. గోనెపట్టా ఒకటి దాని మీద కప్పి షెడ్డు తలుపు మూసి లోపలికి పోయింది.

మర్నాడు తల్లి షెడ్డులోకి వచ్చింది. ఆవిడ ఇటు అడుగుపెట్టి ఏళ్లయింది. ఎవరూ చెప్పకుండానే పట్టా ఎత్తి చూసింది. ఫ్రేము మీద చెయ్యి వేసి ముందు గొట్టందాకా తడిమింది. ఏడుస్తుందేమోనని మంటక్క దగ్గరకు వెళ్లింది. తల్లి ఏడవలేదు.

"దీపం ఏదమ్మాయ్?" అంది.

దీనికి దీపం ఎప్పుడుందమ్మా, అన్న పట్టపగలే తిరిగేవాడు కదా అంది కూతురు. తల్లి ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

మంటక్క ఫ్రేమును కిందికి దించి వెలుతురులో పెట్టింది. ముందు గొట్టం పక్కన తుప్పు కింద ఒక చిన్న ఇనుప రెక్క తగిలింది. రెండు బోల్టు కంతలు. దీపం బిగించుకునే రెక్క. వెనక చక్రం దగ్గర డైనమోకు ఇంకొకటి. అన్న ఇంట్లో ఉన్నంతకాలం ఈ రెండూ లేవు. తల్లి ఏళ్ల తరబడి చూసిన దీపం గురించి ఆవిడ అప్పుడు తలచుకోదలచుకోలేదు. చేతికి పని చెప్పింది.

చిన్న స్పానరుతో ఫ్రేమంతా తడుతూ పోయింది. పై గొట్టం గంటలా మోగింది. సీటు గొట్టం మోగింది. కింది గొట్టం సగందాకా మోగి, అక్కణ్నుంచి మూగపోయింది, ఎవరో లోపల చెయ్యి అడ్డుపెట్టినట్టు. పెడళ్ల ఇరుసు కంతలోంచి టార్చి వేసి, కన్ను ఆనించి చూసింది. గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంది. మందపాటిది, మూరకు కొంచెం తక్కువ పొడవు. బయట ఉప్పుకాగితంతో రుద్దితే ఆకుపచ్చ మీద వేసిన బూడిద రంగు వదిలి, దాని కింద గొట్టం చుట్టూ ఉంగరంలా ఇత్తడి మెరిసింది. గొట్టం ఎప్పుడో రెండు ముక్కలైతే లోపల మందపాటి గొట్టం దూర్చి ఎవరో మళ్లీ కలిపారు. పెరిగిన బరువు అక్కడుంది.

అంతవరకూ బాగానే ఉంది. అసలు సంగతి ఆ ఇత్తడిలో ఉంది. అలలు రెండోవైపు మొగ్గి ఉన్నాయి. చివర తోక ఉంది.

ఈ అతుకు తను వెయ్యలేదు. కలలో కూడా వెయ్యలేదు. కానీ ఎదురుగా ఉన్నది తన చెయ్యే. సుత్తి తాతను పిలిచి ఏమీ చెప్పకుండా చూపించింది. ఆయనకు చూపు ఆనదు, గోటితో తడిమి చూస్తాడు. ఉంగరం చుట్టూ ఒకసారి గోరు పోనిచ్చాడు.

"నువ్వేసిందేగా. దీనికి నన్ను పిలవాలా?"

"నేను వెయ్యలేదు తాతా."

"మరి దెయ్యం వేసిందా? ఈ చెయ్యి ఇంకెవరికుంది?"

అన్నాడు తాత. ఇద్దరూ ఒకేసారి ఆ పీపా వైపు చూశారు. ఎదురుగా కూర్చుని, ఏళ్ల తరబడి ఆమె చేతినే చూస్తూ కాళ్లూపుకున్న ఎడమచేతివాడు ఒక్కడే ఉన్నాడు. పని ముట్టుకోలేదు గానీ కళ్లతో మొత్తం మింగేశాడన్నమాట. అంటే అతను ఆ రోజు మునిగిపోలేదు. ఎక్కడో బతికాడు, మంట పట్టుకున్నాడు, ఈ సైకిలు విరిగితే తన చేత్తోనే కలిపాడు.

మంటక్కకు ముందు వచ్చింది సంతోషం కాదు, కోపం. రెండు రోజులు సైకిలు జోలికి పోలేదు. మూడో రోజు నుంచి సైకిలు పనిలో పడింది. లోపలి గొట్టం తియ్యలేదు. చక్రాలకు కొత్త చువ్వలు అల్లింది, లావు టైర్లు ఎక్కించింది, కొత్త గొలుసు వేసింది. ఆకుపచ్చ రంగు వేయబోయి మానుకుని బూడిద రంగే వేసింది. రంగు ఆరగానే, ఒక మధ్యాహ్నం, పని మీద పోతున్నానని తల్లికి చెప్పి కట్ట దిగింది.

మునిగిన రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లడం ఎలా ఉంటుందో ఆవిడ నాకు ఒకసారి చెప్పింది. ఎండ మాడ్చేస్తున్నా కాళ్ల కింద నుంచి చలి వచ్చిందట. రెండు పక్కలా కప్పుల్లేని గోడలు, తలుపుల్లేని గుమ్మాలు, అన్నీ ఒకే మట్టి రంగు. తన టైర్ల చప్పుడు గోడలకు తగిలి వెనక నుంచి వస్తుంటే, ఇంకో సైకిలు వెంట వస్తున్నట్టే ఉందట. రెండుసార్లు ఆగి చూసింది. ఆగితే అదీ ఆగేది. మధ్యలో రోడ్డు కుంగినచోట బురద ఇంకా ఆరలేదు. మోకాళ్లదాకా దిగబడి, సైకిలు భుజాన వేసుకుని దాటింది. ఆ బరువు భుజం మీద పడినప్పుడు, ఆ నాలుగు వందల చిల్లర గ్రాములూ ఏవో విడిగా తెలిశాయంది. నిజానికి అంత తేడా ఏ భుజానికీ తెలియదు. ఆ మాట నేను అనలేదు.

అవతలి ఊరు మామూలు ఊరే. మిట్ట మధ్యాహ్నం కావడంతో వీధిలో మనిషి లేడు. మొదటి ఇంటి గేటు దగ్గర నీడకని ఆగి, ఊచ మీద చెయ్యి వేసింది. గేటు మధ్యలో ఇనుప పువ్వు. రేకులు కలిసేచోట ఇత్తడి అతుకు. అలలు, తోక.

పక్కింటి గేటు చూసింది. అదే. ఎదుటింటి కిటికీ జాలీ అదే. మెట్ల రెయిలింగు, బడి గేటు, నూతి చుట్టూ కంచె, అన్నీ అవే. ఎన్నడూ కాలుపెట్టని ఊళ్లో, ప్రతి గుమ్మానికీ తన చెయ్యి అతికి ఉంది. వాటిలో కొన్ని నమూనాలు తను మనసులో అనుకుని, ఇంకా ఎవరికీ చెయ్యనివి. ఎవరో తనకంటే ముందు తన జన్మ ఇక్కడ గడిపేసి వెళ్లినట్టు అనిపించిందట. సైకిలు పట్టుకుని నడిచింది. గేట్ల వెంట పోతే వీధి చివర రేకుల షెడ్డు వచ్చింది. మూసి ఉంది. పక్కనే ఇల్లు. తలుపు తట్టింది.

తలుపు తీసిన ఆడమనిషి ఆమె ముఖం చూసి, మోకాళ్లదాకా పట్టిన బురద చూసి, చివరికి సైకిలు చూసింది. చూసి గోడకు ఆనుకుపోయింది. కేక పెట్టలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"నీళ్లలోంచి వచ్చారా?" అంది.

మంటక్క ఉన్నమాటే చెప్పింది. "అవునమ్మా. నీళ్లలోంచే వచ్చాను."

ఆ మనిషి కూలబడిపోయింది. లేవదీయడానికి మంటక్క లోపలికి వంగితే, గూట్లో ఫ్రేము కట్టిన తన ఫొటో కనిపించింది. పదిహేడేళ్ల వయసులో షెడ్డు ముందు నిలబడి తీయించుకున్నది. పక్కన ఉండవలసినవాళ్లను కత్తిరించేశారు. భుజం మీద తండ్రి చెయ్యి మాత్రం మిగిలింది, మణికట్టుదాకా.

మంచినీళ్లు తాగించి, చల్లటి నీళ్లతో ముఖం తుడిచి, చెయ్యి పట్టుకుని వేడిగానే ఉంది చూడమ్మా అని చూపించాక గాని ఆ మనిషికి మాట రాలేదు. ఆమె మంటక్కకు వదిన. నాన్న నిచ్చెన మీద నుంచి పడి పోయాడని, ఆ దిగులుతో అమ్మ పోయిందని, చెల్లెలు ఈ రిజర్వాయరులోనే మునిగిపోయిందని అన్న ఆమెకు చెప్పాడట. ఇటు మేము అతన్ని ముంచాం, అటు అతను చెల్లెల్ని ముంచాడు. ఒకే నీళ్లలో.

వదిన చెప్పిన మిగతా సంగతులు పెద్దగా లేవు. ఎడమచేతి మేస్త్రి అని ఊళ్లో మంచి పేరు. రోజూ పొద్దువాలగానే సైకిలుకు దీపం వెలిగించుకుని ఒడ్డు వెంట తిరిగేవాడు. ఒకచోట ఆగి ఇటు చూసేవాడు. ఎందుకంటే చెల్లెలు ఉన్నచోటు కదా అనేవాడు. ఒకసారి రాళ్ల మీద పడి సైకిలు రెండు ముక్కలైతే, కొత్తది కొనుక్కోమంటే వినలేదు, లోపల లావు గొట్టం పెట్టి అతుక్కున్నాడు. బరువెక్కుతుంది కదా అని ఆమె అంటే ఎక్కనీ అన్నాడు. తర్వాత ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇత్తడి పొగ అన్నారు డాక్టర్లు. ఇక తొక్కలేనని తెలిశాక ఒక సాయంత్రం సైకిలు తీసుకుని వెళ్లి నడిచి వచ్చాడు.

"ఏదీ అంటే ఇచ్చేశానన్నాడు," అంది వదిన. "ఎవరికంటే, మా చెల్లికి అన్నాడు. జబ్బు ముదిరి అలా మాట్లాడుతున్నాడనుకున్నాను."

ఆ వచ్చిన వానాకాలంలోనే అతను పోయాడు. లెక్క వేస్తే, తల్లి డాబా ఎక్కడం మానేసిన ఏడే అది.

తల్లికి ఎలా చెప్పాలా అని మంటక్క చాలా మథనపడింది. చివరికి ఏమీ చెప్పకుండా వదినను వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబెట్టింది. ముసలావిడ కోడల్ని ఎగాదిగా చూసి, చాప పరిచి కూర్చోమంది. కొడుకు లేడని ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆ ఇంట్లో మాట్లాడేవాడా?"

వదినకు ఆ ప్రశ్న వెనక సంగతి తెలియదు. "అమ్మో, ఒకటే వాగుడు అత్తయ్యా," అంది. "నిద్రలో కూడా ఊరుకునేవాడు కాదు."

తల్లి తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత లేచి కోడలికి అన్నం పెట్టి, ఆమె తినేదాకా పక్కనే కూర్చుని, వాడు ఏం వాగేవాడో చెప్పమని ఒక్కొక్కటే చెప్పించుకుంది.

తూముల పని అయిపోయి వానలు పడ్డాయి. రోడ్డు, స్తంభాలు, గోడలు మళ్లీ కిందికి పోయాయి. అవతలి షెడ్డులో అన్న సగంలో వదిలేసిన గేటు ఒకటి ఉండిపోయింది. దాన్ని పూర్తిచేస్తానని మంటక్క కొండ చుట్టి బస్సులు మారుతూ వెళ్లడం మొదలుపెట్టింది. అది అయ్యాక ఇంకొకటి వచ్చింది, ఇంకొకటి. ఇప్పుడు వారంలో సగం రోజులు అక్కడే. సైకిలు వదిన ఇంట్లో ఉంటుంది. దిగగానే దాని మీదే తిరుగుతుంది.

ఆమధ్య నాకు అటు పని పడితే ఆవిడతో కలిసి వెళ్లాను. సాయంత్రం ఆవిడ అన్న పాత చొక్కా వేసుకుని, జుట్టు తువ్వాలుతో చుట్టుకుని, సైకిలు పట్టుకుని ముందు నడుస్తోంది. వెనక ఒక ముసలాయన అరుగు మీద నుంచి "మేస్త్రీ" అని కేకేశాడు. ఆయనకు మేస్త్రి పోయిన సంగతి తెలియదో, తెలిసి మరిచాడో. మొదట్లో ఇలా పిలిచినప్పుడల్లా ఆగి, నేను ఆయన చెల్లెల్నండీ అని చెప్పేదాన్నని దారిలో నాతో అంది. చెబుతుందనే నేను నిలబడ్డాను.

ఆవిడ తిరిగి చూడలేదు. సైకిలు ఆపి, కాస్త బొంగురు గొంతుతో, "ఆఁ, వస్తున్నా," అంది.